పదో తరగతిలో ముందున్న అమ్మాయి ఐఐటీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు వెనకబడుతోంది?

2024 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలొచ్చాయి. అమ్మాయిలు 89.17 శాతం, అబ్బాయిలు 84.32 శాతం పాసయ్యారు. రెండు రోజులకు తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మొదటి సంవత్సరంలో అమ్మాయిలు 68.35, అబ్బాయిలు 51.50. ఆ నెలాఖరుకు తెలంగాణ పదో తరగతిలో అమ్మాయిలు 93.23, అబ్బాయిలు 89.42. పేపర్లన్నీ ఏటా వేసే శీర్షికే మళ్ళీ వేశాయి, ‘బాలికలదే పైచేయి’ అని. జూన్ 9న ఐఐటీల ప్రవేశపరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలొచ్చాయి. దేశం మొత్తం మీద 48,248 మంది అర్హత సాధిస్తే వాళ్ళలో అమ్మాయిలు 7,964 మంది. ఆరుగురిలో ఒక్కరు.

ఈ రెండు వార్తల మధ్య ఏడు వారాలే తేడా. అయినా వీటిని పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు తక్కువ. మొదటి వార్త చూసినవాళ్ళు ‘అమ్మాయిలు బాగా చదువుతారండీ, అబ్బాయిలకే బాధ్యత లేదు’ అంటారు. రెండోది చూసినవాళ్ళు ‘లెక్కలూ ఫిజిక్సూ అంటే అబ్బాయిలదే బుర్ర’ అంటారు. ఒకే మనిషి ఏప్రిల్లో మొదటి మాటా జూన్‌లో రెండో మాటా అనడం కూడా మామూలే.

ఈ రెండు వార్తలూ చాలావరకు ఒకే చోట పుడుతున్నాయని నా వాదన. మన ఇళ్ళలో ఆడపిల్లకు చదువు షరతు మీద దొరుకుతుంది. మార్కులొస్తున్నంత కాలం చదువుతుంది, తప్పితే ఆగిపోతుంది. మగపిల్లాడి చదువు మీద పెట్టుబడి పెడతారు. వాడు తప్పినా మళ్ళీ పెడతారు. షరతు మీద చదివే పిల్ల పాసు మార్కుల దగ్గర తప్పకుండా ముందుంటుంది. లక్షలు, రెండేళ్ళు, మూడేళ్ళు పోస్తేనే దొరికే ర్యాంకు దగ్గర, ఆ డబ్బూ కాలమూ ఎవరి మీద ఖర్చవుతాయో వాళ్ళే ముందుంటారు. దీన్ని ఇంత తేలిగ్గా చెప్పి వదిలేస్తే చాలదు. ఈ వాదనకు ఎదురొచ్చే సంగతులు చాలా ఉన్నాయి, వాటినీ చూడాలి.

లెక్కల పేపరు ఒకటి తీసుకుందాం

ముందు పరీక్ష సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులకు, 3 గంటల 15 నిమిషాలు. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. అంటే నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నలకే 72 మార్కులు పోతాయి. పాసవడానికి 35 చాలు. ఆ 72 మార్కులూ చివరి జవాబుకు ఇచ్చేవి కావు, జవాబు దాకా రాసిన ఒక్కో మెట్టుకూ ఇచ్చేవి.

ఎనిమిది మార్కుల గ్రాఫు ప్రశ్న చూడండి. x² − x − 6 అనే బహుపదికి గ్రాఫు గీసి శూన్యాలు కనుక్కోమంటారు. x విలువలు −3 నుంచి 4 దాకా తీసుకుని పట్టిక వెయ్యాలి. y విలువలు వరసగా 6, 0, −4, −6, −6, −4, 0, 6 వస్తాయి. గ్రాఫు కాగితం మీద అక్షాలు గీయాలి, స్కేలు ఎంత తీసుకున్నామో మూలన రాయాలి, బిందువులు గుర్తించాలి, వాటిని చేత్తో నున్నగా వంపు తిప్పి కలపాలి, వక్రం x అక్షాన్ని ఎక్కడ తాకిందో చూసి −2, 3 అని రాయాలి. ఇందులో పిల్లలు చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ అవే. (−3)²ని −9 అని వేస్తారు, అప్పుడు 6 రావలసిన చోట −12 వచ్చి మొదటి బిందువు ఎక్కడో కిందికి పోతుంది. బిందువుల్ని స్కేలు పెట్టి గీతలతో కలుపుతారు. స్కేలు రాయడం మరిచిపోతారు. అయినా ఒక్క గుర్తు తప్పినంత మాత్రాన ఎనిమిదీ పోవు. పట్టికకూ అక్షాలకూ మిగతా బిందువులకూ రావలసినవి వస్తాయి. అందుకే వెనకబడ్డ పిల్లల్ని గట్టెక్కించడానికి లెక్కల టీచర్లు జనవరి నుంచి ఈ గ్రాఫునే పదేపదే గీయిస్తారు. పది సార్లు గీసిన పిల్లకు తెలివితో పని లేకుండానే ఆరేడు మార్కులు గ్యారంటీ.

ఇదే శూన్యాల లెక్కను కారణాంకాలుగా విడగొట్టి నోటితో పది సెకండ్లలో చెప్పేసే అబ్బాయి ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు. కాగితం మీద వాడు −2, 3 అని రాసి ఊరుకుంటే ఎనిమిదికి ఒకటో రెండో వస్తాయి. జేఈఈలో ఆ రెండు అంకెలకే పూర్తి మార్కులు. ఒకే పిల్లాడి తెలివి ఒక పరీక్షలో ఏ కాస్తో కనిపిస్తుంది, ఇంకో పరీక్షలో మొత్తంగా కనిపిస్తుంది. అలాగే పది సార్లు గీసిన అమ్మాయి ఓపిక మొదటి పరీక్షలో కనిపిస్తుంది, రెండోదానిలో దానికి విలువే లేదు.

కాబట్టి పదో తరగతి పరీక్ష కొలిచేది రాత, ఓపిక, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. వీటిలో అమ్మాయిలు ముందుండడం మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. ఎన్నో దేశాల బడి మార్కుల్ని కలిపి చూసి 2014లో డేనియల్ వాయర్, సూసన్ వాయర్ చేసిన సమీక్షలో అన్ని సబ్జెక్టుల్లోనూ అమ్మాయిల మార్కులే ఎక్కువని తేలింది. భాషల్లో తేడా ఎక్కువ, లెక్కల్లో తక్కువ. పదిహేనేళ్ళ పిల్లలకు ఎన్నో దేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో, ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) సగటున చదవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందు, లెక్కల్లో అబ్బాయిలు 9 పాయింట్లు ముందు. అమెరికాలో ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్మన్ ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలనలో ఐక్యూలో అమ్మాయిలు ముందు లేరు, మార్కుల్లో ముందున్నారు. ఆ తేడాలో చెప్పుకోదగ్గ భాగం స్వీయనియంత్రణ నుంచి వచ్చిందని వాళ్ళు తేల్చారు.

నా వాదనకు మొదటి ఎదురుదెబ్బ ఇదే. ఫెయిలైతే పెళ్ళి చేసేస్తారన్న భయం ఫిన్లండ్ అమ్మాయికి లేదు, అయినా ఆమె కూడా ముందే ఉంది. అంటే అమ్మాయిలు బడిలో ముందుండడమన్నది మన షరతు వల్ల పుట్టింది కాదు. ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ ఆ తేడా ఎంత ఉందన్నదీ, అది ఎక్కడ మొదలై ఎక్కడ తలకిందులవుతోందన్నదీ మన ఇళ్ళే తేలుస్తున్నాయి. మిగతాదంతా ఆ సంగతే.

టీచర్లకు అమ్మాయిలంటే అభిమానమా?

చాలామంది చెప్పే కారణం ఇంకొకటి ఉంది. అమ్మాయిలు అల్లరి చెయ్యరు, నోట్సు శుభ్రంగా రాస్తారు, అందుకని టీచర్లు మార్కులు ఎక్కువేస్తారని. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ఇజ్రాయెల్‌లో విక్టర్ లావీ అనే ఆర్థికవేత్త పేరు తెలిసి దిద్దిన మార్కుల్నీ పేరు తెలియకుండా దిద్దిన మార్కుల్నీ పోల్చి 2008లో ఒక పత్రం రాశాడు. పేరు తెలిసినప్పుడు అబ్బాయిలకే నష్టం జరుగుతోందని అందులో తేలింది.

మన దగ్గర ఈ అనుమానాన్ని పరీక్షించడానికి ఒక మంచి అవకాశం దానంతటదే దొరికింది. తెలంగాణ పదో తరగతిలో 2024లో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు బయటి పరీక్షకు, 20 మార్కులు బడిలో టీచరు వేసే ఇంటర్నల్స్‌కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ఇంటర్నల్స్ తీసేశారు, మొత్తం 100 బయటి పరీక్షకే. టీచర్ల అభిమానమే కారణమైతే తెలంగాణలో తేడా ఎక్కువుండాలి, ఆంధ్రలో తగ్గిపోవాలి. 2024లో తెలంగాణలో తేడా 3.81 పాయింట్లు, ఆంధ్రలో 4.85. ఇంటర్నల్స్ లేని చోటే తేడా ఎక్కువ. రెండు రాష్ట్రాల పరీక్షలూ ఒకటి కావు కాబట్టి ఇది తిరుగులేని రుజువనలేను. ఇంటర్నల్స్ మీద మోపే నింద మాత్రం నిలవదు.

స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబుపత్రం మీద పేరు ఉండదు, బడి ఉండదు, కోడ్ మాత్రమే ఉంటుంది. చేతిరాత మాత్రం దాగదు. రోజుకు పదుల సంఖ్యలో పేపర్లు దిద్దే మనిషి కంటికి ముద్దముద్దగా ఉన్న రాతలో సగం మెట్టు కనపడకుండా పోవడం సహజం. ఇది ఆడా మగా అన్న పక్షపాతం కాదు, అయినా దెబ్బ ఎక్కువగా తగిలేది అబ్బాయిలకే. రాత బాగు చెయ్యడం అయిదో తరగతి లోపు జరగాల్సిన పని. ఆడపిల్ల రాత బాగోకపోతే ఇంట్లో అందరూ అంటారు, మగపిల్లాడి రాత గురించి ‘డాక్టరు రాత’ అని నవ్వి ఊరుకుంటారు.

ఫెయిలైతే ఏమవుతుంది

పదో తరగతి ఫెయిలైన ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకే ఊరు, ఒకే కూలి కుటుంబం. అబ్బాయికి ముందున్న దారులు: సప్లిమెంటరీ, లేదంటే సెంట్రింగ్ పని, ట్రాక్టరు, క్యాటరింగ్, సెల్‌ఫోన్ రిపేరు షాపు. వాటిలో దేనిలోనైనా మొదటి నెల నుంచే చేతికి డబ్బులొస్తాయి. అమ్మాయికున్న దారులు: సప్లిమెంటరీ, అది రాయనిస్తే. లేదంటే అమ్మతోపాటు మిరపకోతకు. ఆపైన సంబంధాలు చూడడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

ఈ లెక్క పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, చుట్టూ చూసి వాళ్ళే తెలుసుకుంటారు. ఎనిమిదో తరగతికొచ్చేసరికే అమ్మాయికి అర్థమవుతుంది: బడికి వెళ్ళడమన్నది ఇంటి బయటికి వెళ్ళడానికి తనకున్న ఒకే ఒక్క అనుమతి, దాన్ని ఏటా మార్కులతో రెన్యువల్ చేయించుకోవాలి. అబ్బాయికి ఇంటి బయటికి వెళ్ళడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ఫిబ్రవరిలో పొద్దున ఏడు గంటలకు పెట్టే స్పెషల్ క్లాసుకు వచ్చేవాళ్ళలో అమ్మాయిలే ఎందుకెక్కువుంటారో దీన్నిబట్టి చాలావరకు తెలుస్తుంది.

‘ఇంట్లోనే ఉంటారు కాబట్టి చదువుకుంటారు’ అనే మాట అందరూ అంటారు. అది సగమే నిజం. ఇంట్లో ఉండే అమ్మాయి ఖాళీగా ఉండదు. 2019లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి ఖర్చుపెడుతున్నారు. ఆరేళ్ళు దాటిన వాళ్ళందరినీ లెక్కలోకి తీసుకున్న సర్వే అది. అమ్మ పొలం నుంచి వచ్చేలోపు అన్నం వండి, గిన్నెలు తోమి, తమ్ముడికి స్నానం చేయించి, ఆపైన పుస్తకం పట్టుకునే పిల్ల మిగిలిన గంటన్నరను వృథా పోనివ్వదు. ఆ క్రమశిక్షణ వల్ల పాసు మార్కులొస్తాయి. అదే గంటన్నరతో కోఆర్డినేట్ జామెట్రీలో కొత్త లెక్క పట్టుకుని రెండు రోజులు తల బద్దలు కొట్టుకోవడం కుదరదు. దానికి ఎవరూ పిలవని సాయంత్రాలు కావాలి.

తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరంలో తేడా దాదాపు 17 పాయింట్లకు ఎలా పెరిగిందన్న ప్రశ్నకూ ఇక్కడే కొంత జవాబుంది. పదో తరగతిలో హెడ్‌మాస్టరు వెంటపడతాడు, ఇంటికి మనిషిని పంపుతాడు. జూనియర్ కాలేజీలో వెంటపడేవాళ్ళు తక్కువ. ఇంటర్లో ప్రతి పేపరూ విడివిడిగా 35 శాతంతో గట్టెక్కాలి. 2024లో లెక్కలు 1ఏ, 1బీ అని రెండు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు. ఒక్క పేపరు తప్పినా ఆ సంవత్సరం ఫెయిలే. బయటినుంచి వెంటపడేవాళ్ళు లేనప్పుడు మిగిలేది ఎవరికి వారు పెట్టుకున్న ఒత్తిడే. అది షరతు మీద చదివే పిల్లకు ఉంటుంది, రెండో అవకాశం ఖాయంగా ఉన్న పిల్లాడికి ఉండదు. ఇంకో సంగతి కూడా కలపాలి: బాగా చదివే అబ్బాయిల్లో కొందరు పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాకు పోతారు, వాళ్ళు ఇంటర్ లెక్కల్లో కనపడరు.

ప్రైవేటు బడి ఎవరికి

పాస్ శాతాలు పోల్చేటప్పుడు మరిచిపోయే సంగతి, ఇద్దరూ ఒకే బడిలో చదవడం లేదు. ఒక ఇంట్లో అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో, తమ్ముడు పసుపు వ్యానెక్కి కాన్వెంటుకు. ఈ దృశ్యం చూడని ఊరు తెలుగునాట ఉండదు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ పరిశోధన కూడా ప్రైవేటు బడుల విషయంలో మొగ్గు అబ్బాయిల వైపే ఉందని నమోదు చేసింది.

అంటే అమ్మాయిలు ఎక్కువమంది ఫీజు లేని బడుల్లో చదువుతూ మొత్తం మీద ముందుంటున్నారు. ఇది వాళ్ళ గొప్పే. కాకపోతే ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. చదువు మీద ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు కొడుకుల్ని ప్రైవేటుకు మార్చేశాక సర్కారు బడిలో మిగిలే అబ్బాయిల్లో ఇంట్లో ఎవరూ పట్టించుకోని వాళ్ళ పాలు ఎక్కువవుతుంది. అదే బడిలోని అమ్మాయిల్లో మంచి చురుకైన వాళ్ళూ ఉంటారు, కేవలం అమ్మాయిలైనందుకు అక్కడున్నవాళ్ళు. కాబట్టి ఒక సర్కారు హైస్కూల్లో అమ్మాయిలు అబ్బాయిల కన్నా ఎంతో ముందున్నారని చూపించే అంకెలో కొంత భాగం పిల్లల తేడా కాదు, ఎవరిని ఎక్కడ చేర్చారన్న తేడా.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన పరిశోధన ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, కేతకి షేత్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో అయిదేళ్ళపాటు పిల్లల స్కోర్లు చూశారు. ప్రాథమిక తరగతుల్లో పైకి వెళ్తున్నకొద్దీ అమ్మాయిలు లెక్కల్లోనూ తెలుగులోనూ అబ్బాయిల కన్నా కొద్దికొద్దిగా వెనకబడుతున్నారు. ఏడాదికి పడే తేడా చిన్నదే, అయినా స్పష్టంగా ఉంది. టీచరమ్మ పాఠం చెప్పిన ఏడాది అమ్మాయిలు మరింత నేర్చుకున్నారు, దానివల్ల అబ్బాయిలకు నష్టమేమీ జరగలేదు. 2023లో పల్లెల్లోని 14-18 ఏళ్ళ పిల్లల మీద అసర్ అనే విద్యా సర్వే జరిగింది. అందులో సొంత భాషలో రెండో తరగతి పాఠం చదవగలిగిన అమ్మాయిలు 76 శాతం, అబ్బాయిలు 70.9 శాతం. భాగాహారంలోనూ ఇంగ్లీషు చదవడంలోనూ అబ్బాయిలే ముందు.

ఈ రెండూ పిల్లల మీద ఏ పరిణామమూ లేని పరీక్షలు. పాస్ లేదు, ఫెయిల్ లేదు, పెళ్ళి లేదు. ఇలాంటి వాటిలో లెక్కల దగ్గర అబ్బాయిలు ముందుంటున్నారు. పెద్ద పరిణామం ఉన్న బోర్డు పరీక్షలో అమ్మాయిలు ముందుంటున్నారు. చదువంతా ఒక్క పరీక్ష వైపు తిప్పుకున్న పిల్లలు ఆ పరీక్షలో గెలుస్తారు, దాని బయట అదే పాఠంలో తడబడతారు. ‘బాలికలదే పైచేయి’ అని సంబరపడేవాళ్ళు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. అమ్మాయికి 35 దాటడం నేర్పుతున్నాం, భాగాహారం పూర్తిగా నేర్పడం లేదు.

మే నెలలో జరిగే నిర్ణయాలు

ర్యాంకుల తేడా జేఈఈ హాల్లో మొదలుకాదు. ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో ఎవర్ని చేర్చారన్న దగ్గర మొదలై, పదో తరగతి అయ్యాక మే నెలలో గట్టిపడుతుంది. మధ్యతరగతి ఇంట్లో ఆ నెలలో నడిచే మాటలు దాదాపు ఇలా ఉంటాయి. అబ్బాయికైతే: ‘ఐఐటీ బ్యాచ్‌లో వేద్దాం, రాకపోతే ఎంసెట్ ఎలాగూ ఉంది, అదీ కాకపోతే లాంగ్ టర్మ్, ఇంకో ఏడాది కోచింగ్.’ అమ్మాయికైతే: ‘ఎంసెట్ చాలు తల్లీ, ఊళ్ళోనే మంచి కాలేజీ ఉంది, ఐఐటీ వచ్చినా ఖరగ్‌పూరో గువాహటో ఎలా పంపుతాం?’ ఇందులో ద్వేషం ఎక్కడా లేదు. అమ్మాయిని ప్రేమించే తండ్రే ఈ మాట అంటాడు. రేపు పెళ్ళికి దాచాల్సింది ఆ ఖాతాలోంచే పోవాలని కూడా ఆయనకు తెలుసు. అబ్బాయి మీద పెట్టింది తిరిగి ఇంటికొస్తుంది, అమ్మాయి మీద పెట్టింది వేరే ఇంటికి పోతుంది అనే లెక్క ఎవరూ పైకి అనరు, ఆ లెక్క ప్రకారమే బ్యాచ్ ఎంపికవుతుంది.

ఆ ఎంపికతో సిలబస్సే మారిపోతుంది. ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలు, లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, తప్పు జవాబుకు కోత లేదు. ఇంటర్ పాఠ్యపుస్తకం మీద పట్టు, వేగం ఉంటే చాలు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. అడ్వాన్స్‌డ్ అంతకన్నా లోతు. ఎంసెట్ బ్యాచ్‌లో రెండేళ్ళు చదివిన పిల్లకు అడ్వాన్స్‌డ్ ప్రశ్నను చూసే అలవాటే ఏర్పడదు. ఆ తర్వాత ఆమె ర్యాంకు చూపించి ‘చూశారా’ అంటే ఏం చెప్పాలి?

కోత మార్కుల వల్లే అమ్మాయిలు వెనకబడతారనే వాదన ఒకటుంది. దానికి ఆధారాలు లేకపోలేదు. కాథరిన్ బాల్డిగా 2014లో చూపినదేమిటంటే, తప్పుకు కోత ఉన్నప్పుడు అమ్మాయిలు ఊహించి పెట్టకుండా ఎక్కువ ప్రశ్నలు వదిలేస్తారు. చిలీ దేశం యూనివర్సిటీ ప్రవేశపరీక్షలో కోతను తీసేశాక ఆ వదిలేసే తేడా బాగా తగ్గింది. అయితే మన దగ్గర మెడికల్ సీట్లకు రాసే నీట్ ఉంది. అందులోనూ ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. 2023లో నీట్‌లో అర్హత సాధించిన అమ్మాయిలు సుమారు 6.55 లక్షలు, అబ్బాయిలు 4.90 లక్షలు. రాసినవాళ్ళే అమ్మాయిలు ఎక్కువ. కోతే అసలు అడ్డంకి అయితే ఇది జరగకూడదు.

నీట్‌కూ జేఈఈకీ తేడా ఇంటి మనసులో ఉంది. ‘డాక్టరమ్మ’ అనిపించుకున్న అమ్మాయికి సంబంధాలు బాగా వస్తాయని, ఉన్న ఊళ్ళోనే ప్రాక్టీసు పెట్టుకోవచ్చని కుటుంబం నమ్ముతుంది. అందుకే నీట్ లాంగ్ టర్మ్ బ్యాచ్‌ల్లో అమ్మాయిలు దండిగా కనిపిస్తారు. తప్పినా మళ్ళీ రాయిస్తారు. ఇంజనీరింగ్‌లో ఆ రెండో ఏడాది అమ్మాయికి ఇవ్వరు. ఒకే ఇల్లు, ఒకే పిల్ల, కుటుంబం ఒప్పుకున్న చోట గెలుస్తోంది, ఒప్పుకోని చోట కనిపించడం లేదు. నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తట్టదు. అయితే నీట్‌లోనూ దేశంలో మొట్టమొదటి పదుల ర్యాంకుల్లో అబ్బాయిల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ ఏం జరుగుతోందో ఈ ఒక్క కారణంతో పూర్తిగా తేలదు. ఆ కొసన పోటీ అంటే మోజు, చిన్నప్పటి నుంచి పజిల్స్‌తో గడిపిన గంటలు, ఇంకా ఎన్నో కలుస్తాయి.

ట్రిపుల్ ఐటీలను చూడండి

2008లో ఉమ్మడి రాష్ట్రం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ట్రిపుల్ ఐటీలు పెట్టింది. పదో తరగతి మార్కులే ప్రవేశానికి ఆధారం, ఎంట్రన్స్ లేదు. సర్కారు బడిలో చదివినవాళ్ళకు వెనకబాటు కింద స్కోరు కలుపుతారు. గ్రేడ్ల కాలంలో అది 0.4 పాయింట్లు. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ళ చదువు, హాస్టల్ లోపలే. అక్కడ సీట్లలో అమ్మాయిలే ఎక్కువ. కోటా పెట్టినందుకు కాదు, కొలబద్ద మారినందుకు. పైగా కోచింగ్ ఫీజు లేదు, హాస్టల్ సర్కారుది, దూరంలో ఉన్నా ‘గవర్నమెంటు కాలేజీ’ అన్న ధైర్యం ఉంది. కూతుర్ని ఖరగ్‌పూర్ పంపనన్న తండ్రి బాసర పంపాడు.

పదో తరగతి మార్కులతో తీసుకుంటే నాణ్యత పడిపోతుందని అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు. అందులో కొంత నిజముంది. మొదటి రెండేళ్ళు ఇంగ్లీషులో పాఠాలు, లెక్కల్లో లోతు, రెండూ తెలుగు మీడియం పిల్లలకు కష్టమయ్యాయి. కానీ ఆ కష్టం అబ్బాయిలకూ అంతే. దాన్ని దాటించాల్సింది కాలేజీ.

ఐఐటీలు 2018లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు మొదలుపెట్టాయి. ఆ ఏడు 14 శాతం, 2019లో 17, 2020లో 20. అంతకుముందు అక్కడ అమ్మాయిలు పది శాతం దరిదాపుల్లోనే. ‘తక్కువ ర్యాంకుకే సీటు’ అని ఇప్పటికీ రుసరుసలాడేవాళ్ళకు ఒక్క మాట: అవి అబ్బాయిల సీట్లలోంచి తీసినవి కావు, మొత్తం సీట్లు పెంచి ఇచ్చినవి. ఆ సీట్ల వల్ల నాకు ముఖ్యంగా కనిపించే మేలు మే నెల మాటల్లో ఉంది. ‘అమ్మాయికి ఐఐటీ వచ్చే అవకాశం ఎక్కువేనటగా’ అనే మాట ఒక తండ్రి నోట వచ్చిందంటే ఐఐటీ బ్యాచ్ ఫీజు కట్టే ఆలోచన మొదలైనట్టే.

అబ్బాయిల సంగతి

ఇంతసేపూ అమ్మాయిల పక్షాన మాట్లాడినా, ఇంటర్ మొదటి సంవత్సరంలో సగంమంది అబ్బాయిలు ఫెయిలవడం అంతకన్నా చిన్న విషయం కాదు. వాళ్ళకు వేరే దారులున్నాయని ఊరుకోవడానికి లేదు. పదహారేళ్ళకు చేతికొచ్చిన కూలి ముప్పైయేళ్ళకు కూడా దాదాపు అంతే ఉంటుంది. చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆరో తరగతిలోనే చదవడం, రాయడం రాని అబ్బాయిల్ని విడిగా గుర్తించి రోజూ పైకి చదివించడం, ఒక పేరా చూడకుండా రాయించడం. లెక్కల టీచరు నోటి జవాబుకు మెచ్చుకున్నాక ‘ఇప్పుడు మెట్లు రాసి చూపించు’ అని వదలకుండా అడగడం. జూనియర్ కాలేజీలో వరసగా మూడు రోజులు రాని పిల్లాడి ఇంటికి ఫోను చెయ్యడం. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టకుండా పదో తరగతి జనవరిలో మొదలుపెడితే గ్రాఫు ఒక్కటే వస్తుంది.

అమ్మాయిల విషయంలో చెయ్యాల్సింది ఇంకా సూటిగా ఉంది. పదో తరగతి తప్పిన అమ్మాయి సప్లిమెంటరీకి ఫీజు కట్టిందా లేదా అన్నది ఫలితాలొచ్చిన వారంలోగా హెడ్‌మాస్టరు చూడాలి, కట్టకపోతే ఇంటికి వెళ్ళాలి. ఎనిమిదో తరగతిలో లెక్కలంటే ఇష్టమున్న అమ్మాయిల జాబితా ఒకటి ప్రతి హైస్కూల్లో ఉండాలి, గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో వాళ్ళకు జేఈఈ పాఠం ఉచితంగా రెండేళ్ళు నడవాలి. ఫలితాల రోజున ప్రభుత్వం ఇచ్చే పట్టికలో బాలురు, బాలికలు అని రెండే గడులు కాకుండా సర్కారు, ప్రైవేటు, గురుకులం విడివిడిగా, ఒక్కోదానిలో బాలురు, బాలికలు విడివిడిగా, ఆ పక్కనే సప్లిమెంటరీ రాసినవాళ్ళెందరు, రాయనివాళ్ళెందరు అని వేయాలి. ఆ చివరి గడిలో పేర్లు లేకుండా పోయే అమ్మాయిల అంకె కనిపిస్తే, మర్నాటి పేపర్లో శీర్షిక ఏం పెట్టాలో డెస్కులో కూర్చున్నవాళ్ళు మళ్ళీ ఆలోచించుకోవాల్సి వస్తుంది.